ముందు ఆ గడప తొక్కు

చిరంజీవి మేనల్లుడికి,



కొల్లిపర ఉజ్జీవ కూటాల్లో చెయ్యెత్తావనీ, బాప్తిస్మానికి పేరిచ్చావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. విన్నవెంటనే మోకాళ్ళూని దేవుణ్ణి స్తుతించాను. దాని కన్నీటి ప్రార్థన ఇన్నేళ్ళకు ఫలించింది. అయినా నీతో ఒక మాట గట్టిగా చెప్పాలి. ఫోనులో తేలిగ్గా అనేసే మాట కాదు గనుక రాస్తున్నాను.

క్రికెట్ పందేల్లో పోయింది నీ డబ్బొక్కటే కాదు. నిన్ను నమ్మి పసుపు అమ్మిపెట్టమన్న కౌలురైతు సొమ్ము అందులో ఉంది. నీ భార్య గొలుసు ఇంకా తాకట్టులోనే ఉంది. దేవుడి ముందు ఏడ్చావు, మంచిదే. ఆ రైతు ముందు ఇంతవరకూ నోరు విప్పలేదు.

లూకా సువార్త 19వ అధ్యాయం తీసి సుంకరి జక్కయ్య సంగతి నిదానంగా చదువు. పాపం ఒప్పుకోకముందే, రూపాయి తిరిగివ్వకముందే యేసు ఆయన్ని పేరుపెట్టి పిలిచి ఇంటికి వస్తానన్నాడు. కృప ముందు వచ్చింది. అప్పు తీర్చి రక్షణ కొనుక్కోమని నేనెన్నడూ చెప్పను. అయితే ఆ కృప అందుకున్న మనిషి లేచి నిలబడి మాట్లాడింది దేన్ని గురించి? ఆస్తిలో సగం బీదలకిస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు కడతానన్నాడు. ఎవరిది తిన్నాడో ఆయనకు తెలుసు, వాళ్ళ వాకిళ్ళూ తెలుసు.

ఇంకో సంగతి విను. ధాత కరువు కాలంలో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం గుత్తకు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి చూపించాడు. పనిలోకి వచ్చినవాళ్ళు బాప్తిస్మం అడిగారు. కూటికోసం అడుగుతున్నారేమోనని ఏడాదికి పైగా ఎవరికీ ఇవ్వలేదు. కరువు తగ్గి, గంజి కోసం ఆయన దగ్గరికి రావలసిన అవసరం తీరాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మన ప్రసంగాల్లో ఆ సంఖ్యే మోగుతుంది. నాకు మాత్రం ఆగిన ఆ ఏడాదే పెద్దది. అప్పుడు విశ్వాసుల్లో చేరితే ఆదివారం పని మానాలి, చచ్చిన పశువు మాంసం మానాలి, విగ్రహాలకు మొక్కడం మానాలి. ఊరి పెద్దల కింద బతికే మాదిగ కూలీలకు అవి మాటలతో అయ్యేవి కావు, రోజూ ఊరికి ఎదురు నిలబడాల్సిన పనులు.

నువ్వూ అప్పులవాళ్ళు గుమ్మంలో కూర్చున్నప్పుడే మందిరానికి వచ్చావు. అందుకు తప్పుపట్టను. తప్పిపోయిన కుమారుడు కూడా కడుపు మాడాకే ఇంటిదారి పట్టాడు, తండ్రి పరుగెత్తుకెళ్ళి కౌగలించుకున్నాడు. అప్పులవాళ్ళు లేచి వెళ్ళాక కూడా నువ్వు మందిరంలో ఉంటావా అన్నది నీ నడక చెప్పాలి.

నీ చేత సాక్ష్యం చెప్పించాలని సంఘంలో కొందరు తొందరపడుతున్నారట. వద్దను. తవ్విన పసుపును ఆరోజే దుగ్గిరాల యార్డుకు తోలరు కదా, ఉడకబెట్టి, కళ్ళంలో ఎండబోసి, మెరుగుపెట్టాకే తోలతారు. నీకూ కొంత ఎండ తగలనీ. ఫోనులో ఆ పందేల యాప్ తీసెయ్యి. జీతం నీ భార్య చేతికివ్వు, ఖర్చుకు ఆమెనే అడుగు. నామోషీ అనిపిస్తే అనిపించనీ. మ్యాచ్ ఉన్న రాత్రుళ్ళు పాత స్నేహితుల దగ్గరికి పోకు. నిలవలేననిపిస్తే ఎంత పొద్దుపోయినా నాకు ఫోను చెయ్యి, ఇద్దరం కలిసి ప్రార్థన చేద్దాం.

బాప్తిస్మం ఆదివారం అంటున్నారు. ఈలోపే ఆ రైతు ఇంటికి వెళ్ళు. ఎంత తిన్నావో కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వు. నెలకు ఎంత కట్టగలవో ఉన్నదున్నట్టు చెప్పు, గొప్పకు పోయి ఎక్కువ ఒప్పుకోకు. ఆయన తిడితే పడు, క్షమించకపోయినా వాయిదా ఆపకు. ఒంటరిగా వెళ్ళడానికి కాళ్ళు రాకపోతే నేను శుక్రవారం పొద్దున బస్సుకు వస్తాను, ఇద్దరం కలిసే వెళదాం. ఏ సంగతీ రేపటికల్లా చెప్పు.

నీ మావయ్య