నాన్న పేరెత్తితే తప్పా?

ప్రశ్న: నాన్న పోయి తొమ్మిది నెలలైంది. నేను ఉస్మానియాలో పీహెచ్‌డీ చేస్తున్నా. నాన్న ఊరి నుంచి వస్తే తార్నాక చౌరస్తాలో దిగేవాడు, అక్కడే చాయ్ తాగేవాళ్లం. ఇప్పుడు అటు పోలేక విద్యానగర్ వైపు నుంచి తిరిగి వస్తున్నా. కౌన్సెలింగ్‌ అంటే ఇంట్లో ‘నీకేమన్నా పిచ్చా’ అంటున్నారు. వెళ్తే నాన్నని మర్చిపోతానేమోనని నాకూ భయమే.
– ఓ విద్యార్థిని, క్యాంపస్ హాస్టల్

జవాబు: థెరపీ మరిపిస్తుందని ఈ అమ్మాయి భయం. అక్కడ జరిగేది గుర్తుచేసుకోవడమే.

నెలలు గడిచినా తగ్గని దుఃఖానికి అమెరికా సైకియాట్రిస్టు కేథరిన్ షియర్ రూపొందించిన చికిత్సలో సుమారు 16 సిట్టింగులుంటాయి. ఆప్తులు పోయిన ఘడియల్ని కళ్లు మూసుకుని చెప్పిస్తారు, రికార్డు చేసి ఇంటిదగ్గర వినమంటారు. పోయినవారితో ఊహలో మాట్లాడిస్తారు కూడా; వారి జవాబూ తనే చెప్పాలి. 2005లో అచ్చయిన అధ్యయనంలో ఈ పద్ధతితో నూటికి 51 మంది మెరుగుపడ్డారు, పోల్చి చూసిన మరో థెరపీతో 28 మందే.

తప్పించుకు తిరుగుతున్న చోటికి కొద్దికొద్దిగా వెళ్లడమూ అందులో భాగమే. ఈమెకి ఆ చోటు తార్నాక చౌరస్తా. మొదటి రోజే చాయ్ కొట్టు ముందు కూర్చోనక్కర్లేదు. స్నేహితురాలితో బస్సులో ఆ చౌరస్తా దాటితే చాలు. ఇంకో వారం దిగి, రోడ్డు దాటి, వెనక్కి వచ్చేయొచ్చు.

తొమ్మిది నెలలు ఎక్కువా? రోజువారీ బతుకును సాగనివ్వని దుఃఖానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరు నెలల గడువు పెట్టింది, అమెరికా సైకియాట్రిస్టులు 2022లో పెద్దవాళ్లకి ఏడాది అన్నారు. మన ఇళ్లల్లోనూ సంవత్సరీకం దాకా పండగ చేసుకోని ఆనవాయితీ ఉంది. ఏడుపు రావడం జబ్బు కాదు. తిండి, నిద్ర, చదువు నెలల తరబడి పాడైతే మాత్రం సైకాలజిస్టుని కలవాల్సిందే.

మందలించాల్సింది ఇంట్లోవాళ్లని. పెద్దకర్మ నాడు అందరూ కూర్చుని పోయిన మనిషి ముచ్చట్లు చెప్పుకుంటారు. మర్నాటి నుంచి ఆ పేరెత్తితే ‘మళ్లీ ఎందుకమ్మా’ అని నోరు మూయిస్తారు. ఫొటోకి దండ వేస్తారు, మాట ఆపేస్తారు! విశ్వనాథ సత్యనారాయణ భార్య పోతే ‘వరలక్ష్మీ త్రిశతి’ రాశారు, దాన్ని సాహిత్యమని గౌరవించాం. హాస్టల్లో ఉన్న పిల్ల ఫోన్లో నాన్న గురించి రెండు మాటలు అనబోతే వినే ఓపిక లేదా? ఈసారి ఫోన్లో ఇంట్లోవాళ్లే ముందుగా ఆయన పేరెత్తాలి.

ప్రశ్న: మా ఆయన పోయి ఏడాదిన్నర. దుఃఖానికి ఐదు దశలంటారు కదా, నేను కోపం దగ్గరే ఆగిపోయాను.
– ఓ గృహిణి, తార్నాక

జవాబు: ఎలిజబెత్ కూబ్లర్‌-రాస్ 1969లో ఆ దశలు చెప్పింది చావుకు దగ్గరైన రోగుల గురించి, ఆప్తులు పోయినవాళ్లు వాటిని వరసగా దాటాలన్న నియమమేమీ లేదు.

ప్రశ్న: రూమ్మేట్ వాళ్ల అన్న ఆత్మహత్య చేసుకున్నాడు. తనూ బతకడం దండగంటోంది, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. కొన్నాళ్లు చూడనా?

జవాబు: ఒక్క పూట కూడా ఆగకూడదు. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగాలి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. ఒంటరిగా వదలకుండా ఈ రాత్రే టెలి మానస్ 14416కి ఫోన్ చేయించాలి. అది ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. వార్డెన్‌కీ, వాళ్ల ఇంటికీ వెంటనే చెప్పాలి. ఆ ఒట్టు తీసి గట్టుమీద పెట్టాలి.