కాలిన అడవి – ఇటలీ శాసనము

అడవికి నిప్పు పెట్టువారిలో కొందరికి కావలసినది నేల. చెట్లు కాలినచో అది ఇండ్లస్థలమగునని వారి ఆశ. ఆ ఆశను త్రుంచుటకు ఇటలీ దేశము 2000లో 353వ శాసనమును చేసెను. కొలది మినహాయింపులున్నను, కాలిన అడవిని 15 ఏండ్లవరకు ఇతర వినియోగమునకు మార్చరాదు. 10 ఏండ్లవరకు అచట భవనములు కట్టరాదు, పశువులను మేపరాదు, వేటాడరాదు. ప్రభుత్వధనముతో మొక్కలు నాటుటకు సైతము 5 ఏండ్లవరకు ప్రత్యేకానుమతి కావలెను. వింతగా తోచును గాని, నాటుపని కూలికై నిప్పు పెట్టువారును ఉండవచ్చును కదా! 15 ఏండ్లలోపల వ్రాసికొను క్రయపత్రమున ఈ నిర్బంధమును పేర్కొననిచో ఆ దస్తావేజు చెల్లదు. నా దృష్టిలో శాసనమునకు ప్రాణమిదియే. అయితే కాలిన నేలల పట్టికను ఏటేటా సవరింపవలసినది స్థానిక పురపాలక సంఘము. పట్టిక వ్రాయని ఊరిలో ఏ నేల ఎన్నడు కాలెనో కొనువానికి తెలియు మార్గమేది?