రాత్రి తినకపోయినా పొద్దున షుగరెందుకు?

ఏమ్మా చెల్లీ, షుగర్ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఈ గొడవ ఒకటుంటుంది, గమనించావా? "రాత్రి ఏడింటికే రెండు పుల్కాలు తిని పడుకున్నాను. పొద్దున పరగడుపున 160 ఎలా వచ్చింది?" అని వాళ్లు. "ఎవరూ చూడకుండా లడ్డూ తినుంటావు" అని మనం. పాపం, చాలాసార్లు వాళ్లు చెప్పేది నిజమే. ఆ చక్కెర వంటింట్లోంచి కాదు, వాళ్ల కాలేయంలోంచే వచ్చింది.

మనం పడుకున్నా మెదడుకి గ్లూకోజ్ కావాల్సిందే. అందుకని కాలేయం తను దాచుకున్నదాంట్లోంచి రాత్రంతా కొంచెం కొంచెం రక్తంలోకి వదులుతుంటుంది. వదలమని చెప్పేది గ్లూకగాన్, ఇక చాలు ఆపమనేది ఇన్సులిన్. రెండూ క్లోమంలోనే, పక్కపక్క కణాల్లోనే పుడతాయి. తెల్లవారుజామున కార్టిజాల్ లాంటి హార్మోన్లు కూడా పెరిగి, వదలమనే పక్షం బలపడుతుంది. ఇన్సులిన్ మాట చెల్లని ఒంట్లో ఇక కాలేయాన్ని ఆపేదెవరు? మెట్‌ఫార్మిన్ మాత్ర ముఖ్యంగా పనిచేసేది ఇక్కడే, కాలేయం వదిలేదాన్ని తగ్గిస్తుంది.

మాట చెల్లకపోవడమేమిటంటావా? ఇన్సులిన్ తన పని కోసం కణం లోపలికి వెళ్లక్కర్లేదు. పైపొర మీదున్న రిసెప్టర్ అనే ప్రొటీన్‌ని పట్టుకుంటుంది, అంతే. వచ్చినవాళ్లు కాలింగ్ బెల్ నొక్కి గుమ్మం బయటే నిలబడ్డట్టు. అసలు హడావుడంతా లోపల. రిసెప్టర్ లోపలి కొస ఏటీపీ అనే అణువు నుంచి ఫాస్ఫేట్ తీసి ముందు తనకే తగిలించుకుంటుంది, తర్వాత ఐఆర్ఎస్ అనే ఇంకో ప్రొటీన్‌కి తగిలిస్తుంది. అది పీఐ3కేని కదిలిస్తుంది, దాని వల్ల ఏకేటీ పనిలోకి దిగుతుంది. పేర్లు గుర్తుపెట్టుకోకు, పరీక్షేమీ లేదు. కండరాల్లో ఈ వరస చివర జరిగేది మాత్రం చూడు: లోపల చిన్న చిన్న సంచుల్లో ఉన్న గ్లూట్-4 అనే ద్వారాలు పైకొచ్చి పొరలో కలుస్తాయి. అప్పుడు రక్తంలోని గ్లూకోజ్ కండరంలోకి పోతుంది.

అన్నట్టు, ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి గుర్తించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారే. ఇంచుమించు అదే సమయంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా గుర్తించాడు. గ్లూకగాన్ సంకేతాన్ని కాలేయ కణం లోపల మోసుకెళ్లే సైక్లిక్ ఏఎంపీ తయారయ్యేదీ ఏటీపీతోనే. ఆ సైక్లిక్ ఏఎంపీని కనుగొన్న ఎర్ల్ సదర్లాండ్‌కి 1971లో నోబెల్ ఇచ్చారు. సుబ్బారావుగారికి మాత్రం ఏనాడూ రాలేదు, ఆ కడుపుమంట నాకింకా ఉంది.

సరే, మన సంగతికొద్దాం. టైప్-2లో మొదట్లో ఇన్సులిన్ లేక కాదు తంటా. మామూలుకంటే ఎక్కువే ఉంటుంది. లోపలి వరసే సరిగా కదలదు. కాలేయంలో, కండరాల్లో కొవ్వు చేరడం దానికి పెద్ద కారణం. పీసీఓఎస్ ఉన్న ఆడపిల్లల్లో చాలామందికీ ఇదే ఇబ్బంది. ఒంట్లో పెరిగిపోయిన ఇన్సులిన్ అండాశయాల్ని రెచ్చగొట్టి మగ హార్మోన్లు ఎక్కువ తయారయ్యేలా చేస్తుంది. నెలసరి తప్పుతోందనీ, గడ్డం మీద వెంట్రుకలొస్తున్నాయనీ ఆ పిల్లని దెప్పకండర్రా. టైప్-1 వేరు. అక్కడ ఇన్సులిన్ చేసే కణాలే నశించిపోతాయి, ఇంజెక్షన్ లేకపోతే ప్రాణానికే ముప్పు. 1922 జనవరిలో టొరంటోలో 14 ఏళ్ల లెనర్డ్ థాంప్సన్‌కి ఇచ్చేదాకా ఆ మందే లేదు.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన సంగతి. కండరం కదిలితే చాలు, ఇన్సులిన్ చెప్పకపోయినా ఆ గ్లూట్-4 ద్వారాలు పైకొస్తాయి. అది వేరే దారి. ఇన్సులిన్ మాట సరిగా వినని కండరంలో కూడా ఈ దారి చాలావరకు పనిచేస్తుంది. తిన్నాక నడవమనడం ఊరికే కాదమ్మా!

అందుకని, రాత్రి భోజనం కాగానే గిన్నెల పని ఇంట్లో ఇంకెవరికైనా అప్పగించి, చెప్పులేసుకుని వీధి చివరిదాకా నడిచి రా. ఇన్సులిన్ గానీ షుగర్ మాత్రలు గానీ వాడుతుంటే ఎంతసేపు నడవాలో డాక్టర్‌ని అడుగు, మందులు మాత్రం నీ అంతట నువ్వు తగ్గించకు. ఇంట్లో పెద్దవాళ్లకి పొద్దున షుగర్ ఎక్కువొస్తే లడ్డూ డబ్బా వెతకడం మాని, ఆ అంకె డాక్టర్‌కి చూపించండి.