వికీలో రాయాలనుకునేవారికి: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: కాశీబుగ్గలో ఉంటాను, బీటెక్ చదువుతున్నాను. బస్ సిమ్యులేటర్ ఇండోనేషియా గేమ్‌లో మన పలాస డిపో ఆర్టీసీ బస్సుల లివరీలు (బస్సు మీది రంగులు, రాతల బొమ్మలు) చేస్తుంటాను. ఎలా చేయాలో చెప్పమని జూనియర్లు అడుగుతుంటారు. మోడర్ల వికీలో తెలుగులో రాద్దామనుకుంటే స్నేహితులేమో "వీడియో పెట్టు చాలు, తెలుగులో ఎవడు చదువుతాడు" అంటున్నారు. రాయనా, వద్దా?

జవాబు: రాయి తమ్ముడూ, తప్పకుండా రాయి. వీడియో వద్దని కాదు. గేమ్‌కు అప్‌డేట్ వచ్చి మెనూ మారిందంటే ఆ వీడియో పాతబడిపోతుంది, అందులో ఒక్క ముక్క సరిచేయడం చూసేవాళ్ల చేతుల్లో ఉండదు. వికీ పేజీలో అయితే మారిన ఆ ఒక్క వాక్యాన్ని ఎవరైనా దిద్దుతారు. రేపు నువ్వు ఉద్యోగానికి వెళ్లిపోయినా పేజీ ఆగిపోదు. మలేయో సంస్థ 2017లో విడుదల చేసిన ఆ గేమ్ ఇండోనేషియా రోడ్లది. దానిలోకి మన పల్లెవెలుగు బస్సును తెచ్చింది మీలాంటి కుర్రాళ్లే. ఆ పనితనం నోటిమాటగా తిరిగితే సరిపోదు, రాతకెక్కాలి.

పెద్ద పేజీ రాయాలని కూర్చోకు. ఒక్క చిక్కు తీసుకో. ఉదాహరణకు, బస్సు కుడిపక్క డిపో పేరు బాగానే కనిపిస్తుంది, ఎడమపక్క అవే అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడతాయి. మోడల్ చేసినవాళ్లు రెండు పక్కలకూ లివరీ బొమ్మలో ఒకే భాగాన్ని వాడితే అలా అవుతుంది. ఎన్నిసార్లు దిద్దినా ఒకపక్క సరైతే రెండోపక్క పాడవుతుంది. అప్పుడు పేరును ముందు, వెనక బోర్డుల మీదికి మార్చుకోవాలి, లేదా రెండు పక్కలకూ విడివిడిగా చోటున్న మోడల్ వెతుక్కోవాలి. ఇంతే రాయి. కొత్తగా మొదలుపెట్టిన కుర్రాడికి ఒక రాత్రి నిద్ర దక్కుతుంది. గేమ్ వెర్షన్, మోడల్ పేరు, బొమ్మ కొలత పేజీ మొదట్లోనే ఉండాలి. ప్రయత్నించి కుదరనివి కూడా రాయాలి, చాలామంది అక్కడే బద్ధకిస్తారు.

మోడల్ చేసినవారి పేరు మాత్రం మరిచిపోకు. "మరెక్కడా పెట్టొద్దు" అని వాళ్లు చెప్పి ఉంటే ఫైలు నువ్వు ఎక్కించకు, వాళ్లు పెట్టిన చోటికే దారి చూపించు. పేరు చెరిపేసి మనదిగా పెట్టుకోవడం దొంగతనమే.

ప్రశ్న: టెక్కలిలో ఉపాధ్యాయుణ్ణి. తెలుగు వికీపీడియాలో మా పక్కనున్న పక్షుల ఊరు తేలినీలాపురం గురించి "ఏటా సైబీరియా నుంచి పక్షులు వస్తాయి" అని రాశాను. మర్నాటికి ఎవరో తీసేశారు. ఊరంతా అనుకునే మాటే కదా! ఇక రాయబుద్ధి కావడం లేదు.

జవాబు: మాస్టారూ, అప్పుడే కలం పక్కన పెట్టకండి. పేజీ పైన "చరిత్ర" నొక్కితే ఎవరు తీశారో కనిపిస్తుంది, చాలాసార్లు ఎందుకు తీశారో కూడా రాసి ఉంటుంది. మళ్లీ పెట్టడం, వాళ్లు మళ్లీ తీయడం వద్దు. చర్చ పేజీలో అడగండి, అక్కడా తేలకపోతే అందరూ చర్చించుకునే రచ్చబండ పేజీ ఉంది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలై ఇన్నాళ్లు నడిచిందంటే ఇలా అడిగి తేల్చుకునేవాళ్ల వల్లే.

విషయానికొస్తే, తీసినవారిదే సబబు. అక్కడ గూళ్లు కట్టే మచ్చల ముక్కు పెలికాన్లు, పెయింటెడ్ స్టార్కులు దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షులు. సైబీరియా వాటి ఇల్లు కాదు. అయినా మీ మాటకూ చోటుంది. "స్థానికులు ఇలా నమ్ముతారు" అని, ఆ సంగతి అచ్చైన పత్రిక పేరు, తేదీ ఇచ్చి రాయండి. అంతకంటే విలువైన పని ఇంకొకటి మీ చేతిలో ఉంది. గూళ్ల ఫొటోలు దూరం నుంచి తీసి, తేదీతో వికీమీడియా కామన్స్‌లో పెట్టండి. పక్కనే ఉన్నారు కాబట్టి ఏటా తీయగలరు.

ప్రశ్న: మందసలో ఉంటాను. కంప్యూటర్ లేదు. ఫోన్‌లో రాయవచ్చా?

జవాబు: నిక్షేపంగా. మీ ఊరి పేజీలో ఒక అక్షరదోషం దిద్దడంతో ఈరోజే మొదలుపెట్టండి.

ప్రశ్న: మాది వజ్రపుకొత్తూరు మండలం. మా నాన్నకు కిడ్నీ జబ్బు, డయాలసిస్ చేయిస్తున్నాం. ఈ జబ్బు ఎక్కువగా ఉన్న మా ఉద్దానం ప్రాంతం వికీపీడియా పేజీలో నాన్న గురించి, మా వీధిలో పోయినవాళ్ల పేర్లతో సహా రాయాలని ఉంది. ఇక్కడి నీళ్లే కారణమని కూడా రాయాలి.

జవాబు: అమ్మా, మీ బాధ లోకానికి తెలియాల్సిందే. కానీ ఆ పేర్లు వికీపీడియాలో వద్దు. ఒకరి జబ్బు సంగతి వాళ్ల ఇంటివాళ్లు ఒప్పుకోకుండా బయటపెట్టకూడదు, పైగా సొంతంగా చూసినదాన్ని అక్కడ ఆధారంగా తీసుకోరు. కారణం విషయంలోనూ తొందర వద్దు. నీళ్ల మీద, నేల మీద, ఎండలో చేసే కూలిపని మీద పరిశోధనలు జరిగాయి, ఇదే కారణమని ఇంకా తేలలేదు. తేలలేదనే రాయండి, ఏ పరిశోధన ఏం చెప్పిందో రాయండి. జబ్బు కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, మీ మండలం వరకూ పరుచుకుని ఉందని, 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయని ఆధారాలతో చేర్చండి.

నాన్నగారి కథ మాత్రం ఆయన సమ్మతితో ఏదైనా పత్రికకు రాయండి. డయాలసిస్‌కు ఎంత దూరం వెళ్తున్నారో, పనికి పోని రోజులకు ఇల్లెలా గడుస్తోందో అన్నీ రాయండి. అది అచ్చైతే, ఉద్దానం పేజీ రాసేవాళ్లకు మీ వ్యాసమే ఆధారమవుతుంది.