హైదరాబాద్‌లో మహిళల కోసం: వీ హబ్, షీ టీమ్స్

2017 నవంబరు 28 నుంచి 30 వరకు హైదరాబాద్ హెచ్‌ఐసీసీలో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు జరిగింది. ‘మహిళలకు ప్రథమ స్థానం, అందరికీ శ్రేయస్సు’ దాని ఇతివృత్తం. మరుసటి ఏడాది మహిళా దినోత్సవం నాడే, అంటే 2018 మార్చి 8న, వీ హబ్ మొదలైంది. మహిళా పారిశ్రామికవేత్తల కోసమే ఒక రాష్ట్ర ప్రభుత్వం నెలకొల్పిన తొలి ఇంక్యుబేటర్ దేశంలో ఇదే. చాలామంది దీన్ని టీ హబ్‌గా పొరబడతారు. టీ హబ్ 2015 నాటిది, అందరి స్టార్టప్‌ల కోసం ఏర్పాటైనది.

వ్యాపారానికి పెట్టుబడి ఎంత ముఖ్యమో, రాత్రి షిఫ్టు ముగిశాక భయం లేకుండా ఇల్లు చేరడమూ అంతే ముఖ్యం.

మహిళల భద్రతపై పూనం మాలకొండయ్య కమిటీ చేసిన సిఫార్సులతో 2014 అక్టోబరు 24న షీ టీమ్స్ అనే పోలీసు బృందాలు వచ్చాయి. సాధారణ దుస్తుల్లో తిరిగే పోలీసులు వేధింపులను వీడియో తీస్తారు, అదే సాక్ష్యం. వాట్సాప్‌లోనూ ఫిర్యాదు చేయవచ్చు, బాధితురాలి పేరు బయటపెట్టరు. ఐటీ కారిడార్‌లో పోలీసులు, సొసైటీ ఫర్ సైబరాబాద్ సెక్యూరిటీ కౌన్సిల్ కలిసి మహిళలకు ఉచితంగా షీ షటిల్ బస్సులు నడిపారు.