బలము తక్కువైన వేళ బుద్ధిని నిలుపుట

మధ్యాహ్నము రెండు గంటలు. ఇంటిల్లిపాదికి వడ్డించి, తానును భుజించి, గృహిణి నెల ఖర్చుల పుస్తకము తెరచి కూర్చుండును. అంకెలు కనిపించుచుండును గాని కూడిక సాగదు. లేచి ఒక గ్లాసు కాఫీ కలుపుకొనును. నంద్యాలలోనైనను, ఆళ్ళగడ్డలోనైనను మధ్యతరగతి ఇండ్లలో ఇది నిత్యము చూచునదే. కనుక ముందుగా ఈ కాఫీ సంగతియే చెప్పవలసియున్నది.

కాఫీ బలము నీయదు. అలసట కలిగినదన్న సూచన మెదడుకు అందకుండ కొంతసేపు అడ్డుపడును, అంతియే. త్రాగిన సుమారు 5 గంటలకు కూడ దాని ప్రభావము సగము మిగిలియుండును. సాయంకాలపు కాఫీ రాత్రి నిద్రను చెరచి, మరునాటి నీరసమునకు కారణమగును. అంతకంటె ముఖ్యమైన చిక్కు మరియొకటి కలదు. భోజనము వెంటనే త్రాగిన కాఫీ, టీలు ఆహారములోని ఇనుమును శరీరమునకు సరిగా పట్టనీయవు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశమున 15–49 ఏండ్ల స్త్రీలలో 57 శాతము మందికి రక్తహీనత యున్నది. అనగా రక్తము తక్కువై వచ్చిన నీరసమునకు, రక్తమును పెరుగనీయని పానీయమునే మందుగా వాడుచున్నాము! భోజనమునకును కాఫీకిని కనీసము ఒక గంట ఎడముండవలెను. మునగాకు పప్పు, నువ్వులు, రాగులు తరచుగా తినుచు, పప్పులో నిమ్మరసము పిండుకొనినచో ఇనుము బాగుగా ఒంటబట్టును.

ఇక పని మాట. ఆళ్ళగడ్డ శిల్పులకు ప్రసిద్ధి. రాతిని మొరటుగా తొలచునపుడు దెబ్బ కొంచెము అటునిటైనను సరిదిద్దుకొనవచ్చును. విగ్రహము ముక్కుకొన వద్ద ఉలి జారినచో, పోయిన రాయి తిరిగి రాదు. వారముల శ్రమ వృథా యగును. ఇంటి పనులలోను ఈ రెండు రకములున్నవి. వడ్డీ లెక్కలు, బ్యాంకు కాగితములపై సంతకములు, పిల్లవాని గణితము ముఖము చెక్కునట్టి పనులు. వీనిని తెల్లవారి, స్నానానంతరము చేయవలెను. బట్టలు మడచుట, పప్పు ఏరుట, నోట్సు శుభ్రముగా తిరిగి వ్రాయుట మధ్యాహ్నమునకు విడువవచ్చును. బలము తగ్గినపుడు పని మానుట కాదు, పని మార్చుకొనుట మేలు. సోమరితనమని తనను తాను నిందించుకొనుట వలన ఒక్క కూడికయు పూర్తికాదు.

నంద్యాల వేసవి 40 డిగ్రీలు దాటుట సర్వసాధారణము. గ్రీష్మమున దేహబలము మిక్కిలి తగ్గునని వాగ్భటాచార్యుడు చెప్పెను. సాధారణముగా పగటినిద్రను నిషేధించిన ఆయనయే, రాత్రులు చిన్నవగు ఆ ఋతువున దానిని అనుమతించెను. స్థూలకాయులకు, కఫము అధికముగా గలవారికి మాత్రము తగదనెను. నా అభిప్రాయమున 20 నిమిషములు చాలును. గంట దాటినచో లేచిన పిమ్మట మరింత మత్తుగా నుండును.

భోజనమున ఉదరమును సగము ఘనాహారముతోను, పావువంతు ద్రవముతోను నింపి, మిగిలిన పావువంతు ఖాళీగా నుంచవలెనని కూడ వాగ్భటుని మాట. కడుపునిండ సన్నబియ్యపు అన్నము తిని, వెంటనే మనస్సు చురుకుగా లేదనుట న్యాయము కాదు. నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానము ‘సూర్యనంది’ వంటి కొర్ర వంగడములను రూపొందించినది. మన ఊరి పేరు గల ఆ ధాన్యము మన వంటింటిలోనే అరుదైనది. కొర్రలు నాలుగైదు గంటలు నానబెట్టి వండి, వారమునకు రెండు మూడు మధ్యాహ్నములు కొద్ది పరిమాణమున భుజించి చూడుడు. వెన్న తీసిన పలుచని మజ్జిగలో దంచిన అల్లము, కరివేపాకు, వేయించిన జీలకర్రపొడి కలిపి మూడు గంటల వేళ త్రాగవలెను. రక్తపోటు గలవారు ఉప్పు వేసుకొనరాదు.

పెన్నేరుగడ్డ (అశ్వగంధ) చూర్ణమును ఇరుగుపొరుగు మాట విని వాడకుడు. గర్భిణులకు, థైరాయిడ్ లేదా కాలేయ వ్యాధి గలవారికి అది తగదు.

పై నియమములు మూడు వారములు పాటించినను నీరసము తగ్గనిచో రక్తములో హిమోగ్లోబిన్, చక్కెర, థైరాయిడ్ పరీక్షలు చేయించుకొనవలెను. దేనియందును ఆసక్తి లేక, దిగులు రెండు వారములు మించి యున్నను వైద్యునికి చెప్పవలెను. రాతిపొడిలో పనిచేయువారికి నీరసముతో పాటు దగ్గు, ఆయాసము కూడ ఉన్నచో కషాయములతో కాలయాపన చేయక వెంటనే ఛాతీ ఎక్స్‌రే తీయించవలెను.