కొత్త రోగాన్ని పసిగట్టిన వైద్యుడు

మందూ టీకా లేని కొత్త అంటురోగం వస్తే దానిని ఆపగలమా? డాక్టర్ కార్లో అర్బానీ కథ దీనికి జవాబు చెబుతుంది.

1956లో ఇటలీలో జన్మించిన అర్బానీ అంటువ్యాధుల నిపుణుడు. 'సరిహద్దులు లేని వైద్యులు' అనే సేవాసంస్థకు ఇటలీ శాఖాధ్యక్షుడు. 1999లో ఆ సంస్థ తరఫున నోబెల్ శాంతి బహుమతి అందుకోవడానికి వెళ్ళిన బృందంలో ఆయన ఒకరు. తరువాత ప్రపంచ ఆరోగ్య సంస్థ ఉద్యోగిగా వియత్నాంలో పనిచేశారు.

2003 ఫిబ్రవరి చివర హనోయ్‌లోని ఒక ఆసుపత్రి నుంచి ఆయనకు పిలుపు వచ్చింది. ఒక రోగికి తీవ్రమైన న్యుమోనియా, కారణం అంతుబట్టలేదు. కొద్ది రోజులలోనే ఆసుపత్రి సిబ్బంది కూడా జబ్బుపడ్డారు. ఇది మామూలు ఫ్లూ కాదని అర్బానీ గ్రహించారు. ఆ సంగతి ప్రపంచ ఆరోగ్య సంస్థకు తెలియజేశారు. రోగులను వేరుగా ఉంచడానికి వియత్నాం అధికారులను ఒప్పించారు. మార్చి 12న ప్రపంచమంతటికీ హెచ్చరిక వెలువడింది.

ఆ రోగమే సార్స్. దగ్గు తుంపరల ద్వారా వ్యాపించే ఈ వైరస్‌కు మరో మనిషి దొరకకపోతే గొలుసు తెగిపోతుంది. రోగులను వేరుగా ఉంచడంలోని రహస్యం ఇదే. ఏప్రిల్ 28న, సార్స్‌ను అదుపుచేసిన మొదటి దేశంగా వియత్నాం నిలిచింది.

అది చూడటానికి అర్బానీ లేరు. రోగులను పరీక్షించిన ఆయనకూ అదే రోగం సోకింది. 46 ఏళ్ళ వయసులో, మార్చి 29న బ్యాంకాక్‌లో కన్నుమూశారు. జూలై నాటికి ప్రపంచమంతటా సార్స్ ఆగిపోయింది. అప్పటికింకా దానికి టీకా లేదు!